కాగితం పదును: గోదావరి గట్టున కూర్చుని నీటి రంగుల్లో ప్రకృతి దృశ్యం వేయడం ఎలా

నీటి రంగులు మనలో చాలామంది యూట్యూబ్ చూసే నేర్చుకున్నాం. ఎక్కడో చలిదేశంలో, చల్లటి గదిలో కూర్చున్న పెద్దాయన ఆకాశానికి ఒక వాష్, అంటే నీళ్ళగా కలిపిన రంగు పూత, వేసి, అది ఆరేలోపు టీ తాగి వస్తానంటాడు. ఆ మాట నమ్మి నేను ఒక ఏప్రిల్ మధ్యాహ్నం రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద బోర్డు పెట్టుకున్నాను. ఆకాశం ఎడమ మూల నుంచి మొదలుపెట్టి కుడి మూలకు వచ్చేసరికి ఎడమ మూల ఎండిపోయింది. మధ్యలో గోడకు సున్నం అతుకులు పడ్డట్టు గీతలు. వాటిని సరిచేద్దామని మళ్ళీ తడిపితే, గీతల పక్కన ఇంకో వరస గీతలు.

ఆ రోజంతా నా చేతినే తిట్టుకున్నాను. తప్పు చేతిది కాదని తెలియడానికి రెండేళ్ళు పట్టింది. బ్రష్ పట్టుకునే తీరు, రంగులు కలిపే తీరు ఏ దేశంలోనైనా ఒకటే. కానీ కాగితం ఆరే వేగం మాత్రం ఊరిని బట్టి, నెలను బట్టి, గంటను బట్టి మారిపోతుంది. మన రైతులకు దీనికి చక్కటి మాట ఒకటుంది, పదును. వాన పడగానే విత్తరు, నేల పూర్తిగా ఎండాకా విత్తరు. పదును చూసి విత్తుతారు. ఆరుబయట నీటి రంగులు వేయడం ముక్కాలు వంతు ఈ పదును చూడటమే. అందుకే ఇందులో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

సంచిలో ఏముండాలి

డబ్బు పెడితే కాగితం మీద పెట్టండి. రంగులు మామూలువైనా నడిచిపోతుంది, కాగితం మామూలుదైతే నడవదు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) బరువు, నూరు శాతం కాటన్, కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకుగా ఉండే రకం) అని అట్ట మీద రాసి ఉన్నది తీసుకోండి. కాటన్ కాగితం నీటిని లోపలికి పీల్చుకుని మెల్లగా వదులుతుంది, కాబట్టి మన ఎండలో మీకు మరో రెండు మూడు నిమిషాలు దొరుకుతాయి. చెక్క గుజ్జు కాగితం మీద ఆ వెసులుబాటు ఉండదు. 22×30 అంగుళాల పెద్ద షీటు ఒకటి కొని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి 7.5×11 అంగుళాలు వస్తుంది. ఆరుబయట మొదటి ఏడాదికి ఆ సైజు చాలు. పెద్ద కాగితం మీద ఆకాశం సగం వేసేసరికే ఎండ గెలుస్తుంది.

కాగితం గురించి ఇంకొక మాట. దానికి సైజింగ్ అనే పూత ఉంటుంది. రంగు లోపలికి ఇంకిపోకుండా ఆపేది అదే. వానాకాలం తేమకు నెలల తరబడి వదిలేస్తే ఆ పూత దెబ్బతింటుంది. అప్పుడు వాష్ వేస్తే అక్కడక్కడ బ్లాటింగ్ పేపర్ మీద సిరా పడ్డట్టు మచ్చలు తేలతాయి. కోస్తా ఊళ్ళలో ఉండేవాళ్ళు కొన్న కాగితాన్ని గాలి చొరని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కొత్త బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పడేసి ఉంచండి.

రంగులు ఏడు చాలు: లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, పర్మనెంట్ రోజ్, అల్ట్రామెరైన్ బ్లూ, సెరూలియన్ బ్లూ, ప్రష్యన్ బ్లూ. నల్ల ట్యూబు ఇంట్లో వదిలేయండి. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా చిక్కగా కలిపితే నలుపుకు దగ్గరగా వస్తుంది, పలుచగా కలిపితే మబ్బు బూడిద రంగు వస్తుంది. నీలం కాస్త ఎక్కువైతే చల్లటి నీడ, గోధుమ కాస్త ఎక్కువైతే తడిసిన రాయి. ఈ ఒక్క జంటతోనే సగం బొమ్మ అయిపోతుంది. ఎర్ర రంగుల్లో పాతకాలపు ఎలిజరిన్ క్రిమ్సన్ వెలుతురుకు వెలిసిపోయే రకం, అందుకే దాని బదులు రోజ్ అన్నాను.

ట్యూబు రంగును ముందు రోజే ప్యాలెట్ గుంటల్లో పిండి ఆరనివ్వండి. నీటి రంగుల్లో పొడి రంగును పట్టి ఉంచేది తుమ్మ జాతి చెట్టు బంకే. అందుకే ఎండిన రంగు కూడా తడి తగిలితే మళ్ళీ కరుగుతుంది. ఎండాకాలంలో గుంటల్లో రంగు రాయిలా బిగిసి పగుళ్ళిస్తే మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ ఒక్క చుక్క కలపండి. తేనె కూడా పనిచేస్తుంది కానీ చీమలు వస్తాయి. ప్యాలెట్ మీద చీమల బారు చూసి నేను ఆ ప్రయోగం మానేశాను.

బ్రష్‌లు నాలుగు: ఆకాశానికి అంగుళంన్నర ఫ్లాట్, ఒళ్ళంతా నీళ్ళు పట్టే 12వ నంబరు రౌండ్, ఒక 6వ నంబరు రౌండ్, కొమ్మలకీ తాళ్ళకీ సన్నగా పొడుగ్గా ఉండే రిగ్గర్. బోర్డు అంటారా, పిల్లల పరీక్ష అట్ట ఉందిగా, దానికి మించింది లేదు. క్లిప్పు కూడా దానికే ఉంటుంది. మాస్కింగ్ టేపు, 2బి పెన్సిల్, మెత్తటి రబ్బరు, చిన్న స్ప్రే సీసా, పాత నూలు పంచె ముక్క, మడత స్టూలు, టోపీ, ఓడోమాస్.

నీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోండి, లీటరు. గోదారి బొమ్మ గోదారి నీళ్ళతోనే వేయాలని ఒకసారి నాకూ కవిత్వం పుట్టింది. ఆరాక చూస్తే ఆకాశం నిండా సన్నటి ఒండ్రు. గిన్నెలు రెండు ఉండాలి, ఒకటి బ్రష్ కడగడానికి, ఒకటి శుభ్రమైన నీటికి. కడిగిన నీళ్ళు నదిలో పారబోయకండి. సెరూలియన్‌లో కోబాల్ట్ ఉంటుంది, కొన్ని పసుపుల్లో కాడ్మియం ఉంటుంది. ఖాళీ సీసాలో పోసి ఇంటికి తెచ్చేయండి. ఆ కారణంగానే బ్రష్ మొన కోసం నోట్లో పెట్టుకునే అలవాటు ఉంటే మానుకోండి.

చోటు, వేళ

అందమైన చోటు వెతక్కండి, నీడ ఉన్న చోటు వెతకండి. అక్కడి నుంచి కనిపించేది ఏదైనా బొమ్మకు పనికొస్తుంది. కాగితం మీద నేరుగా ఎండ పడితే రెండు నష్టాలు. ఒకటి, ఆరిపోవడం. రెండోది, తెల్ల కాగితం కళ్ళు బైర్లు కమ్మేంత మెరుస్తుంది కాబట్టి మీరు వేసే రంగంతా అక్కడ సరిపోయినట్టే కనపడి, ఇంటికొచ్చి చూస్తే బొమ్మ మసిబారినట్టు ఉంటుంది. చెట్టు లేకపోతే గొడుగు. నల్లదో తెల్లదో తీసుకోండి. ఎర్ర గొడుగు కింద కూర్చుంటే కాగితం గులాబీ రంగులో కనిపిస్తుంది, మీరు కలిపే ప్రతి రంగూ తప్పుతుంది.

వెలుతురు ఏ పక్క నుంచి వస్తుందో ముందే తేల్చుకోవాలి. రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది. పొద్దున్నే పుష్కర ఘాట్‌లో కూర్చుంటే సూర్యుడు మీ వెనక ఉంటాడు. అవతలి కొవ్వూరు గట్టు మీద వెలుతురు నేరుగా పడి రంగులు తేటగా కనపడతాయి కానీ నీడలు కనపడవు, బొమ్మ చప్పగా వస్తుంది. సాయంత్రం అదే చోట సూర్యుడు ఎదురుగా నది మీదకు దిగుతాడు. పడవలు, వంతెన స్తంభాలు నల్లటి ఆకారాలైపోతాయి, నీళ్ళు తళతళలాడతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు సాయంత్రమే సులువు, ఎందుకంటే వివరాలన్నీ ఎండే చెరిపేసి పెడుతుంది. పొద్దున్న లేచే అలవాటున్నవాళ్ళు వంతెన దాటి కొవ్వూరు గోష్పాద క్షేత్రం రేవుకు వెళితే ఇదే ఎదురు వెలుతురు ఉదయం పూట దొరుకుతుంది.

సూర్యుడు గంటకు పదిహేను డిగ్రీలు జరుగుతాడు. గంటన్నర దాటితే మీరు మొదలుపెట్టిన నీడలు మరోచోట ఉంటాయి. ఒక బొమ్మకు గంటన్నర, అంతే. మిగిలింది రేపు అదే వేళకు వచ్చి వేయండి, లేదా మిగిల్చేయండి.

పదును చూడటం

ఇంటి ముందు కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టేవాళ్ళను గమనించండి. చల్లిన వెంటనే పెడితే ముగ్గు తడిసి చెదిరిపోతుంది. మరీ ఎండాక పెడితే గాలికి లేచిపోతుంది. వాళ్ళు ఒక్క క్షణం నేల వంక చూసి వంగుతారు. ఆ చూపే మనం నేర్చుకోవాల్సింది.

తడిపిన కాగితం అయిదు దశలు దాటుతుంది. మొదట నీరు నిలిచి అద్దంలా ఉంటుంది. అప్పుడు రంగు వేస్తే ఎటు పోతుందో మీ చేతుల్లో ఉండదు, ఊరికే ఉండండి. తర్వాత నిలిచిన నీరు పోయి కాగితమంతా నిగనిగలాడుతుంది. ఆకాశానికి, మబ్బులకు, అంచుల్లేని ప్రతిదానికీ ఇదే సమయం. మూడోది, మెరుపు మందగించి పట్టుబట్టలా కనిపించే దశ. దూరపు చెట్ల వరస, కొండల కింది పొగమంచు ఇప్పుడు వేస్తే అంచు కొద్దిగా మాత్రమే మెత్తబడి, ఆకారం నిలబడుతుంది. ఈ మూడో దశే అసలు పదును. మే నెల మధ్యాహ్నం అది అరనిమిషం కూడా ఉండదు. నాలుగో దశలో తడి కంటికి కనపడదు, కానీ చేతి వెనక భాగం ఆనిస్తే చల్లగా తగులుతుంది. అక్కడ చెయ్యి పెట్టకండి, దయచేసి. పాడైన బొమ్మల్లో ఎక్కువ భాగం ఇక్కడే పాడవుతాయి. అయిదోది పూర్తిగా ఆరిన కాగితం, పదునైన అంచులకు.

మూడు, నాలుగు దశల్లో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: బ్రష్‌లో ఉన్న నీరు కాగితంలో ఉన్న నీటికంటే ఎక్కువ కాకూడదు. ఎక్కువైతే ఆ నీరు చుట్టూ ఉన్న రంగును తోసుకుంటూ పోయి కాలీఫ్లవర్ ఆకారంలో మచ్చ కడుతుంది. అందుకే రంగు ముంచాక బ్రష్‌ను పంచె ముక్క మీద ఒకసారి ఒత్తి అప్పుడు కాగితం మీద పెట్టాలి. మెరుపు తెలియకపోతే బోర్డును కళ్ళ ఎత్తుకు లేపి పక్కవాటుగా చూడండి, వెంటనే తెలుస్తుంది.

ఏ ఊరు వెళ్ళినా నేను చేసే మొదటి పని ఇది. కూర్చోగానే ఒక తుక్కు ముక్క మీద రెండంగుళాల చదరం తడిపి, అల్ట్రామెరైన్ పూసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కుతాను. మెరుపు ఎప్పుడు మందగించింది, ఎప్పుడు పూర్తిగా ఆరింది, రెండు అంకెలు రాసుకుంటాను. డిసెంబరు సాయంత్రం పుష్కర ఘాట్‌లో నాకు పూర్తిగా ఆరడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం అదే కాగితం రెండు నిమిషాల్లోపే. హైదరాబాదులో ఖాజాగూడ రాళ్ళ మధ్య అయితే డిసెంబరులో కూడా అంతసేపు ఉండదు, అక్కడి పొడిగాలి సంగతి వేరు. ఈ రెండు అంకెలు తెలిస్తే ఆ రోజు ఏ బొమ్మ వేయగలరో తెలిసిపోతుంది. రెండు నిమిషాల రోజున మంచు తెరల బొమ్మకు దిగకండి, రాళ్ళో గోడలో గట్టి నీడలో వేసుకోండి.

ఒక సాయంత్రం, మొదటి నుంచి చివరి దాకా

డిసెంబరు నెల. సూర్యాస్తమయం అయిదున్నరకు. నేను పావు తక్కువ నాలుగుకే వెళ్తాను. ఎదురుగా నది, అవతల కొవ్వూరు చెట్ల వరస, ఒక పక్కన పాత హేవలాక్ వంతెన, ఇవతల కట్టేసిన పడవ. 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయిన వంతెన అది. రాతి స్తంభాలు, పైన ఇనుప గడ్డర్లు. బొమ్మకు అంతకన్నా ఏం కావాలి.

*మొదట, ఏమీ వేయకుండా చూడండి.* పది నిమిషాలు. కళ్ళు చికిలించి, రెప్పలు దాదాపు మూతపడేదాకా. అలా చూస్తే చిన్న చిన్న వివరాలు కరిగిపోయి మూడు ముద్దలు మిగులుతాయి: తెల్లగా ఆకాశం, నీళ్ళు; మధ్యస్థంగా అవతలి గట్టు; నల్లగా వంతెన, పడవ. ఈ మూడింటినే టోన్లు అంటాం. రంగు తప్పితే చూసేవాళ్ళు క్షమిస్తారు, టోన్ తప్పితే అది నదిలాగే ఉండదు.

*తర్వాత అగ్గిపెట్టె సైజులో మూడు స్కెచ్‌లు.* ఒక్కోదానికి రెండు నిమిషాలు, పెన్సిల్‌తో మూడు టోన్లు మాత్రమే. ఒకదాంట్లో గట్టు గీత కింద పెట్టి ఆకాశం ఎక్కువ చూపించండి, ఇంకోదాంట్లో పైన పెట్టి నీళ్ళు ఎక్కువ. సరిగ్గా మధ్యలో మాత్రం వద్దు, బొమ్మ రెండు ముక్కలైపోతుంది. కంటికి కనపడేదంతా వేయాలనే టెన్షన్ ఇక్కడే వదిలించుకోవాలి. కరెంటు తీగలు, సెల్ టవర్, మెట్ల మీద ఆరేసిన చీరలు: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అనేది ఈ అగ్గిపెట్టెలోనే తేల్చండి. నేను టవర్ తీసేస్తాను, చీరల్లో ఒక ఎర్రదాన్ని ఉంచుతాను. నీడలు ఎటు పడుతున్నాయో కూడా ఇందులోనే బాణం గుర్తు పెట్టుకోండి. తర్వాత సూర్యుడు ఎక్కడికి జరిగినా ఆ బాణాన్నే నమ్మాలి.

*అసలు కాగితం మీద పెన్సిల్ గీతలు.* అయిదు నిమిషాలు మించొద్దు. గట్టు గీత, వంతెన సాగే దిక్కు, మొదటి రెండు స్తంభాలు, పడవ. రబ్బరు గట్టిగా రుద్దితే కాగితం పైపొర లేచి అక్కడ రంగు మరకలు కడుతుంది, మెల్లగా.

*ఆకాశం, నీళ్ళు కలిపి ఒకే వాష్.* కొత్తవాళ్ళు ఆకాశం విడిగా, నీళ్ళు విడిగా వేస్తారు. నీళ్ళకు తనదంటూ ఉండే రంగు తక్కువ, అది ఆకాశాన్నే చూపిస్తుంది. అందుకని కాగితమంతా శుభ్రమైన నీటితో ఫ్లాట్ బ్రష్‌తో తడపండి. బోర్డు పై అంచు కింద ఒక చెప్పు పెట్టండి, ఆ వాలు చాలు. రెండో దశ రాగానే, సూర్యుడున్న చోట పలుచటి లెమన్ ఎల్లో, దాని చుట్టూ ఎల్లో ఓకర్‌లో కాస్త రోజ్, పైకి వెళ్ళేకొద్దీ సెరూలియన్, పై మూలల్లో ఇంచుక అల్ట్రామెరైన్. గట్టు గీత దాటి కిందికి అదే వరస తలకిందులుగా, కానీ అరపాలు చిక్కగా. సూర్యుడి కింద నీళ్ళ మీద తళుకు పడే చోట కాగితాన్ని తెల్లగా వదిలేయండి. నీటి రంగుల్లో తెలుపు కొనుక్కునేది కాదు, వదులుకునేది. ఒకసారి కప్పేశాక ఏ తెల్ల రంగూ ఆ మెరుపు తిరిగి తేలేదు.

రంగు మీకు సరిపోయినట్టు కనిపిస్తే ఇంకొంచెం చిక్కగా వేయండి. తడి మీద ఉన్నప్పటికంటే ఆరాక ఒక మెట్టు పాలిపోతుంది. నాకు ఇప్పటికీ ఈ లెక్క అప్పుడప్పుడు తప్పుతూనే ఉంది.

*పదును వచ్చింది, అవతలి గట్టు.* అల్ట్రామెరైన్‌లో రోజ్, చిటికెడు బర్న్ట్ సియెన్నా. కొవ్వూరు చెట్లు నిజానికి ఆకుపచ్చే, కానీ అంత దూరం గాలి, తేమ, ధూళి దాటి వచ్చేసరికి నీలి బూడిదగా కనిపిస్తాయి. ముందే చిక్కగా కలిపి పెట్టుకోండి, పదును వచ్చాక కలపడం మొదలుపెడితే అది పోతుంది. 12వ నంబరు బ్రష్ పక్కవాటుగా పట్టుకుని ఒక చివరి నుంచి ఇంకో చివరికి, తలలు ఎత్తుపల్లాలుగా. పై అంచు మెత్తగా పాకుతుంది. కింద నీటి అంచు దగ్గర తళుకు పడే చోట తెంపండి.

*ఇప్పుడు లేచి నిలబడండి.* ఎనిమిది నిమిషాలు. మెట్ల మీద టీ దొరుకుతుంది. యూట్యూబ్ పెద్దాయన చెప్పిన టీ మనకు డిసెంబరులో మాత్రం కుదురుతుంది. బొమ్మను దూరంగా పెట్టి చూడండి, దగ్గరికి వెళ్ళకండి.

*వంతెన.* పూర్తిగా ఆరాక. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా చిక్కగా. దగ్గరి స్తంభం వెడల్పుగా నల్లగా, దూరం పోయేకొద్దీ సన్నగా, పాలిపోతూ, నీలిగా. ఒక్కో స్తంభం ఒక్క గీతే, దిద్దొద్దు. లెక్కపెట్టొద్దు కూడా. ఆ వంతెనకు ఎన్ని స్తంభాలున్నాయో చూసి అన్నీ వేసినవాడు ఇంజనీరు, మనకు ఏడెనిమిది చాలు. తళుకు ముందు వచ్చే స్తంభం అంచు ఎండలో కరిగిపోయినట్టు కనిపిస్తుంది చూడండి, అక్కడ తడి బ్రష్‌తో అంచు ఒకసారి తుడిచేయండి. గడ్డర్లకు రిగ్గర్‌తో నాలుగు అడ్డగీతలు.

*ప్రతిబింబాలు.* ప్రతిబింబం వస్తువుకు నేరుగా కిందే పడుతుంది, నీడలా పక్కకు పోదు. ఇది మరిచిపోయి స్తంభాలకు ఏటవాలు ప్రతిబింబాలు వేసినవాళ్ళను చాలామందిని చూశాను. నల్లటి వస్తువు ప్రతిబింబం వస్తువు కంటే కొంచెం లేతగా ఉంటుంది, తెల్లటిదానిది కొంచెం ముదురుగా ఉంటుంది. అలలున్న చోట విరిగి పొడుగవుతుంది. దగ్గరి నీళ్ళ మీద బ్రష్‌ను దాదాపు పొడిగా చేసి, పడుకోబెట్టి, వేగంగా అడ్డంగా లాగితే కాగితం గరుకు మీద రంగు తగిలీ తగలకుండా పడి తళతళ దానంతటదే వస్తుంది.

*పడవ, చివరిగా.* బొమ్మలో అన్నిటికన్నా నల్లటి చోటు, పదునైన అంచు ఇక్కడే ఉండాలి, చూపు అక్కడికే వస్తుంది. పడవ అంచున ఒక మనిషి. తల చుక్క, ఒళ్ళు చిన్న ముద్ద. ముఖం వేయబోతే మీరే నవ్వుకుంటారు. అయిదుంబావుకు ఆపేయండి. ఆ తర్వాత ఆకాశం నిజంగానే అద్భుతంగా మారుతుంది, బొమ్మలో దాన్ని కూడా పట్టాలనిపిస్తుంది. దాన్ని రేపటికి దాచుకోండి.

ఆకుపచ్చ అనే చిక్కు

రాజమండ్రి దాటి కోనసీమలోకి దిగితే బొమ్మ వేసేవాడికి ఒకే సమస్య: అంతా పచ్చే. ట్యూబులోంచి వచ్చే పచ్చ రంగు నేరుగా పూస్తే ప్లాస్టిక్ చెట్ల తోట తయారవుతుంది. మీ దగ్గర పచ్చ ట్యూబే లేకపోతే ఆ ప్రమాదం ఉండదు, అందుకే పైన చెప్పిన ఏడింటిలో పచ్చ లేదు.

ఒక్కో పచ్చనూ విడిగా చూడండి. నారుమడి పచ్చ దాదాపు పసుపే, లెమన్ ఎల్లోలో సెరూలియన్ చుక్క. కొబ్బరాకు పై వైపు నున్నగా ఉంటుంది కాబట్టి ఎండ పడ్డప్పుడు ఆకాశాన్ని చూపిస్తుంది. అక్కడ పచ్చ కాదు, పలుచటి నీలం, మధ్యలో తెల్లగా వదిలిన గీతలు. అరటాకు వెనక సూర్యుడుంటే ఆకు దీపంలా పసుపు పచ్చగా వెలుగుతుంది, పక్కనే ఎండ పడని ఆకు చల్లగా ముదురుగా ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కన పడితే చాలు, అరటితోటలో మిగతావన్నీ సూచనగా వదిలేయొచ్చు. తాటి మట్టలు బూడిద కలిసిన పచ్చ, ఎల్లో ఓకర్‌లో అల్ట్రామెరైన్. మామిడితోపు కింది చీకటికి ప్రష్యన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా. పచ్చ మరీ గట్టిగా అరిచినట్టుంటే దానిలో చిటికెడు రోజ్ వేయండి, గొంతు తగ్గుతుంది.

రెండు రంగుల్ని ప్యాలెట్ మీద పూర్తిగా కలిపేయకండి. సగం కలిపి కాగితం మీద పెడితే అవి అక్కడ వాటంతటవే కలుస్తాయి. ఒకే ముద్దలో మూడు పచ్చలు కనిపిస్తాయి.

ఎండాకాలం, వానాకాలం

మార్చి నుంచి జూన్ దాకా ఒక ఉపాయం నన్ను కాపాడింది. కాగితాన్ని బోర్డుకు టేపు వేయకుండా, రెండు వైపులా బాగా తడిపి, నున్నటి ప్లాస్టిక్ షీటు మీద పరవండి. వెనక తడి అంటుకుని కాగితం దానంతటదే ఆ షీటుకు పట్టుకుంటుంది. పైన ఆరుతున్నకొద్దీ కింది నుంచి తడి అందుతుంది. రెండు నిమిషాల కాగితం పదిహేను నిమిషాలకు పైగా పదునులో ఉంటుంది. స్ప్రే సీసాను మాత్రం బొమ్మ మీద నేరుగా కొట్టకండి, పైన గాల్లోకి కొట్టి తుంపర పడనివ్వండి. ఎంత చేసినా పదింటి తర్వాత బొమ్మ వేయొద్దనే నా సలహా. బొమ్మ సంగతి అటుంచి వడదెబ్బ తగులుతుంది.

వానాకాలం దీనికి తిరగబడిన కథ. ఆగస్టులో వాష్ వేస్తే అరగంటైనా చల్లగానే ఉంటుంది. తడి మీద తడిగా వేసే బొమ్మలకు ఇంతకన్నా మంచి కాలం లేదు. పాపికొండల మీద దిగే మబ్బు, మన్యం వాన. వరద గోదావరి ఎర్రగా ఉంటుంది కాబట్టి ఆకాశం ప్రతిబింబం తగ్గి, నీటి సొంత రంగు పైకి వస్తుంది: ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, కొంచెం రోజ్. గట్టి అంచులు కావాలంటే ఇంటికొచ్చి వేసుకోవడమే. ఆగివున్న బైక్ ఇంజను మీద ఆరబెట్టి చూశాను, ఒక మూల మాత్రం చక్కగా ఆరింది, కాస్త మాడింది కూడా. ప్యాలెట్ మూసేముందు పూర్తిగా తుడిచి ఆరనివ్వండి, లేకపోతే గుంటల్లో బూజు పడుతుంది. ఆ నెలల్లో గ్లిజరిన్ కలపొద్దు, రంగు ఎప్పటికీ జిగటగానే ఉంటుంది.

చుట్టూ చేరే జనం

గట్టున కూర్చున్న పది నిమిషాల్లో, "బొమ్మేస్తున్నారా అండీ?" అని ఒకరు, "అంకుల్, నన్ను కూడా వెయ్యండి" అని ఇద్దరు పిల్లలు వస్తారు. గోడకు వీపు ఆనించి కూర్చుంటే సగం బెడద తగ్గుతుంది, వెనక నిలబడే చోటుండదు. మిగతా సగం బెడద కాదు. ఒక పిల్లాడికి తుక్కు కాగితం, పాత బ్రష్ ఇచ్చి పక్కన కూర్చోబెడితే వాడే మిగతావాళ్ళను అదుపులో పెడతాడు. స్నానాల రేవుల్లో ఆడవాళ్ళున్న వైపు తిరిగి కూర్చోకండి. ఆనకట్టల దగ్గర, రైలు వంతెనల మీద కాపలా ఉంటే వాళ్ళతో వాదన పెట్టుకోకుండా దూరంగా ఒక రేవు చూసుకోండి.

రాజమండ్రి వచ్చినవాళ్ళు బొమ్మకు కూర్చునేముందు దామెర్ల రామారావు గ్యాలరీకి ఒక పూట కేటాయించండి. 1897లో పుట్టి, 1925లో ఇరవై ఏడేళ్ళకే మశూచితో పోయిన చిత్రకారుడు. ఆ బొమ్మల ముందు నిలబడి ఆయన ఎంత వేశాడో కాదు, ఏది వేయకుండా వదిలేశాడో వెతకండి. తర్వాత గట్టుకు వెళ్తే కన్ను వేరేగా పనిచేస్తుంది.

పాడైనప్పుడు

కాలీఫ్లవర్ పడితే తడిగా ఉండగా ముట్టుకోకండి. పూర్తిగా ఆరాక దాని అంచును తడి బ్రష్‌తో మెల్లగా రుద్ది పంచె ముక్కతో అద్దితే చాలావరకు పోతుంది. ప్రష్యన్ బ్లూ మాత్రం కాగితాన్ని పట్టేస్తుంది, అంత తేలిగ్గా వదలదు. లేదంటే ఆ మచ్చనే చెట్టుగానో మబ్బుగానో మార్చండి. బొమ్మ మొత్తం మురికిగా మారితే, మూడు కన్నా ఎక్కువ రంగులు ఒకేచోట కలిశాయని అర్థం, లేదా నాలుగో దశలో చెయ్యి పెట్టారని. అలాంటిదాన్ని కాపాడటానికి అరగంట ఖర్చు పెట్టేకన్నా, కాగితం తిప్పి వెనక వైపు మళ్ళీ మొదలుపెట్టడం మేలు. కాటన్ కాగితానికి రెండు వైపులా వేయొచ్చు.

ముందు వైపు బాగా వస్తే మాత్రం వెనక పెన్సిల్‌తో తేదీ, వేళ, చోటు, గాలి ఉందా లేదా, మొదట తీసుకున్న ఆ రెండు అంకెలు రాయండి. నా దగ్గర ఒక బొమ్మ వెనక ఇలా ఉంది: "డిసెంబరు 14, నాలుగున్నర, పుష్కర ఘాట్, గాలి లేదు. మెరుపు మూడు నిమిషాలు, ఆరడం ఎనిమిది. వంతెన తొందరపడి వేశాను. ఎర్ర చీర బాగుంది."